మూడు ఎండల రంగు

పెళ్ళయి ఇరవై మూడు రోజులైంది. 'మావారు' అనే మాట ఇంకా కొత్త చెప్పుల్లా కిర్రుమంటూనే ఉంది. అయినా సందు దొరికితే చాలు, వాడేస్తున్నాను. పెట్రోలు బంకులో "మావారు దిగుతున్నారు, ఒక్క నిమిషం" అన్నాను. పండ్ల బండి దగ్గర "మావారికి పులుపు పడదు, తియ్యగా ఉంటేనే ఇవ్వండి" అన్నాను. దారి అడగడానికి ఆపిన ప్రతిచోటా "మావారు ఎడమ పక్కకంటున్నారు, మీరేమంటారు?" అన్నాను. కారులో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం 'నువ్వు' అనే అంటాను. 'మీరు' పెద్దవాళ్ళ ముందు కట్టుకునే చీరలాంటిది. అయిదు నిమిషాలైతే బాగానే ఉంటుంది గానీ దాంతో ప్రయాణం చెయ్యలేం.

తొమ్మిది రోజుల ప్రయాణంలో దక్షిణాదిన ఉన్న ఈ నగరం మా ఆఖరి మజిలీ. శని, ఆదివారాలు ఇక్కడ గడిపి, సోమవారం సాయంత్రానికి కారు తీసుకెళ్ళి చిన్నమామయ్య ఇంటి ముందు పెట్టాలి. చిన్నమామయ్య అంటే మావారికి బాబాయి. కారు ఆయనదే.

ఆ కారు గురించి చెప్పాలి. వాన వెలిశాక ఆకాశం ఏ రంగులో ఉంటుందో ఆ రంగు. ఇరవై ఏళ్ళ కిందట కొన్నారు. రోజూ పొద్దున్నే రెండు గుడ్డలు పట్టుకుని బయటికి వస్తారు. ఒకటి తడిది, ఒకటి పొడిది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు కారు చూపిస్తారు. "ఇరవై ఏళ్ళు. ఒక్క గీత లేదు, చూడండి" అంటారు. వచ్చినవాళ్ళు పాపం వంగి చూస్తారు. చిన్నత్తయ్య ఆ మాట వినబడగానే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. విసుగేమో అనుకునేదాన్ని.

అలాంటి మనిషి మాకు కారు ఇస్తాననడమే వింత. బయలుదేరే రోజు తాళాలు మావారి చేతిలో పెట్టలేదు, నన్ను పిలిచి నా చేతిలో పెట్టారు.

"అమ్మాయ్, మా అద్దాలోడు తప్ప ఇంకెవరూ స్టీరింగు ముట్టుకోకూడదు. మాటిస్తావా?"

అద్దాలోడు అంటే మావారే. కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేసి అద్దాలు బిగించడం ఆయన పని.

"ఇస్తున్నాను మామయ్యా" అన్నాను.

ఆ ఇంట్లో అప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగలేదు. గ్లాసు పట్టుకుంటే "నువ్వు కూర్చోమ్మా" అనేవారు. చీపురు పట్టుకుంటే నవ్వి లాక్కునేవారు. చుట్టాన్ని చూసినట్టు చూసేవారు. మొదటిసారి ఒకరు నా దగ్గర మాట తీసుకున్నారు. ఆ రోజంతా తాళాలు నేనే పట్టుకు తిరిగాను.

ఆరు రోజులు ఆ మాట నిలబెట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం నగరంలోకి దిగాం. దిగాం అనే అనాలి, రోడ్డు కొండ మీంచి చుట్టుకుంటూ కిందికి వచ్చేసరికి నది, దాని మీద నాలుగు వంతెనలు, ఎర్ర పెంకుల కప్పులు, కిటికీ కిటికీకీ పూలకుండీలు, ఆరేసిన బట్టలు, అన్నీ ఒక్కసారిగా ఒళ్ళో పడ్డాయి. ఊరు ఊరంతా బయటే ఉన్నట్టుంది. కుర్చీలు పేవ్‌మెంటు మీద, చదరంగం బల్లలు చెట్ల కింద, ఒకాయన గడ్డం గీయించుకోవడం కూడా కొట్టు గుమ్మం బయటే. ఎవరో మేడ మీద బాకా సాధన చేస్తున్నారు. ఒకే చోట తప్పుతున్నారు, మళ్ళీ మొదలుపెడుతున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ విని, ఆ తప్పు దగ్గరికి రాగానే నేనూ ఊపిరి బిగబట్టాను.

"తూనీగా, తల లోపల పెట్టు" అన్నారు మావారు. ఒక చోట నిలవనని నాకు ఆయన పెట్టిన పేరు అది.

మేం గది తీసుకున్నది ఓ పాత మేడలో. కారు పెట్టే చోటు లోపలి పెరట్లో ఉంది. కమాను కిందుగా వెనక్కి నడిపి తీసుకెళ్ళాలి. ఆరు గంటలు ఏకబిగిన నడిపి మావారి భుజం పట్టేసింది. పైగా ఎవరో ఒకరు దిగి వెనక చూసుకోకపోతే కుదరదు.

"నువ్వు దిగి చూస్తూ ఉండు, నేను పెడతాను" అన్నాను.

"బాబాయ్..."

"ఇరవై అడుగులు. నాకు లైసెన్సుంది. నీ భుజానికి సెలవు."

ఇరవై మూడు రోజులుగా ఆయన నాకు దేనికీ కాదనలేదు. అప్పుడూ అనలేదు. దిగి వెనక్కి వెళ్ళారు. నేను సీటు ముందుకి జరుపుకున్నాను, అద్దం నా ఎత్తుకి దింపుకున్నాను. అద్దంలో ఆయన ముఖం. రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ "రా... రా... ఇంకా రా..." అంటున్నారు. ఎంత గంభీరంగా అంటున్నారంటే నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం ఆయనకి అద్దంలో కనబడింది. ఆయనకీ నవ్వొచ్చింది. "రా... రా..." అంటూనే ఉన్నారు. నేను వస్తూనే ఉన్నాను. నేను చూడాల్సింది కమాను స్తంభాన్ని, చూస్తున్నది ఆయన్ని. ఆయన చూడాల్సింది చక్రాన్ని, చూస్తున్నది అద్దంలో నా కళ్ళని. కళ్ళు చూడడం వృత్తిగా ఉన్నవాణ్ణి అక్కడ నిలబెట్టడం నాదే తప్పు.

కర్ర్‌ర్ మంది.

ఎడమవైపు వెనక తలుపు కింద, చక్రానికి కాస్త పైన, జానెడు పొడుగు గీత, దాని మధ్యలో బొటనవేలు పట్టేంత సొట్ట. ఇద్దరం దాని ముందు గొంతుక్కూచున్నాం.

"నేనే నడిపానని చెప్తాను" అన్నారాయన.

"అద్దాలోడికి స్తంభం కనబడలేదట అంటారు. దుకాణం మూసుకోవాలి."

"అయితే అసలు చెప్పొద్దు. రేపు బాగు చేయించేద్దాం. కొత్తదానిలా ఉంటుంది. చూసేదెవరు?"

చూసేదెవరో ఇద్దరికీ తెలుసు. రోజూ తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి చూసే మనిషి.

ఆ సాయంత్రం నది ఒడ్డున నడిచాం. నవ్వొచ్చినప్పుడల్లా నవ్వాను, అంతలోనే స్తంభం గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగిపోయేది. రెండు రకాల ఐస్‌క్రీములు తిన్నాను. నేరం చేసినవాళ్ళకి ఆకలి చచ్చిపోతుందంటారు, అదేం లేదు.

ఆదివారం పొద్దున మేడ మేనేజరు ఒక చిరునామా రాసిచ్చారు. "ఆదివారం తెరిచి ఉండేది ఆవిడ ఒక్కతే. తొందర పెట్టకండి, తిడుతుంది" అని హెచ్చరించారు కూడా.

రైలు వంతెన కింద పొడుగాటి షెడ్డు. ఆవిడకి యాభై అయిదు ఉంటాయేమో. తలకి గుడ్డ కట్టుకుంది. పది గోళ్ళ మీదా పది రంగులు, అలంకారానికి వేసుకున్నవి కావు, పనిలో అంటినవి. చుట్టుపక్కల అందరూ పెయింటరమ్మ అంటున్నారు. మా వైపు చూడనే లేదు. తిన్నగా కారు దగ్గరికి వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, కారునే అడిగింది.

"ఎవరు చేశారే నీకిలా?"

"నేను" అన్నాను.

"నేను" అన్నారు మావారు, సరిగ్గా అదే క్షణంలో.

అప్పుడు తిరిగి చూసింది. "కొత్తగా పెళ్ళయిందా?"

"మీకెలా తెలిసింది?"

"పాతబడ్డాక వచ్చేవాళ్ళు ఒకరినొకరు వేలెట్టి చూపించుకుంటారు."

నాలుగు డబ్బాలు తెరిచి, చిన్న రేకు ముక్క మీద రంగు కలిపి పూసింది. ఎండలోకి తీసుకొచ్చి తలుపుకి ఆనించి, తల పక్కకి వాల్చి చూసింది. మళ్ళీ ఒక చుక్క కలిపింది. నాకు రెండూ ఒకటే రంగులా కనబడ్డాయి.

"సరిపోయిందండీ" అన్నాను.

"నీకు సరిపోయింది. దానికి సరిపోవద్దూ? పొద్దుటి ఎండలో అన్ని నీలాలూ అక్కచెల్లెళ్ళే. మధ్యాహ్నం ఒకటి పచ్చబడుతుంది, సాయంత్రం ఒకటి బూడిదలోకి దిగుతుంది. మూడు ఎండల్లో చూడందే నేను రంగు వెయ్యను. ఇష్టం లేకపోతే రేపు వేరే షెడ్డు చూసుకోండి."

"రేపు పొద్దున్నే వెళ్ళిపోవాలి" అన్నారు మావారు.

"అయితే ఊరు చూసి మధ్యాహ్నానికి రండి. ఈలోపు గీత చుట్టూ అరగదీసి పెడతా."

అలా మాకు ఒక పొద్దుటిపూట దానంగా దొరికింది. పాత పుస్తకాలమ్మే వీధిలో తోట పనుల పుస్తకం ఒకటి దొరికింది, దాని మార్జిన్లలో ఎవరో తమ కూతురి ఎత్తు ఏడాదేడాదీ రాసుకున్నారు. అది కొన్నాను. బొత్తాలు మాత్రమే అమ్మే కొట్టు కనబడింది. నేల నుంచి కప్పు దాకా బొత్తాలే. కొట్టాయన మావారి చొక్కా వంక ఒక్కసారి చూసి, "కింది నుంచి రెండోది మీది కాదు" అన్నాడు. నిజమే, హడావుడిలో నేను కుట్టింది. ఆ వీధిలో అందరి కళ్ళూ అంత పదునుగా ఉన్నాయి, మా ఇద్దరివీ తప్ప.

మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళేసరికి పెయింటరమ్మ తలుపు పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. గరుకు కాగితంతో గీత చుట్టూ పళ్ళెమంత మేర నున్నగా అరగదీసింది.

"ఇటు రండి. ఇది చూశారా?"

చెట్టు నరికితే మొద్దు మీద కనబడే వలయాల్లా ఉంది. పైన నీలం. దాని కింద తెల్లటి పూత. దాని కింద ఇటుక రంగు పుట్టీ. పుట్టీ అంచున మళ్ళీ నీలం.

"ఇక్కడ ఇదివరకే దెబ్బ తగిలింది" అంది. వేలి కణుపుతో తలుపు మీద కొట్టి చూపించింది. పైన కొడితే టంగుమంది, ఇక్కడ కొడితే టప్పుమంది. "పదేళ్ళ పైనే అయ్యుంటుంది. చేసినవాడు పనివాడే. నేను అరగదీస్తే గానీ కనుక్కోలేకపోయాను."

"కుదరదండీ" అన్నాను. "దీనికి ఇరవై ఏళ్ళలో ఒక్క గీత లేదు."

"కారు చెబుతోంది కదమ్మా ఉందని. వింతేం లేదు, ఈ మోడలుకి ఇది గుడ్డి మూల. నడిపేవాళ్ళకి ఎంత మెడ తిప్పినా కనబడదు. నా దగ్గరికి ఇవి ఎన్ని వచ్చినా దెబ్బ ఇక్కడే."

మావారి ముఖం వెలిగిపోయింది. పక్కకి లాక్కెళ్ళి నా భుజాలు పట్టుకుని ఊపేశారు.

"బాబాయ్ దొరికాడు! ఊరందరి నడుములూ వంచి చూపించాడు గీత లేదు గీత లేదని! ఇక నన్ను అద్దాలోడా అన్నాడో, పుట్టీ బాబాయ్ అంటాను."

నాకూ నవ్వొచ్చింది. కాసేపు ఇద్దరం వంతెన స్తంభానికి ఆనుకుని నవ్వుకున్నాం. పైన రైలు పోయింది. అది పోయేసరికి నా నవ్వు అయిపోయింది.

"ఆయన దాచుకుంటే మాత్రం? నేనిచ్చిన మాట వాపసొచ్చినట్టా?" అన్నాను.

"అంటే?"

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను."

"ఇప్పుడా? సాయంత్రానికి ఏమీ కనబడదు కదా!"

"అందుకే. ఏమీ కనబడకపోతే ఇక చెప్పాలనిపించదు నాకు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. ఒప్పుకోలేనప్పుడు చేసే పని అది. అయినా ఫోను తీసి నంబరు కలిపి ఆయనే ఇచ్చారు.

ఎత్తింది చిన్నత్తయ్య.

"అత్తయ్యా, మామయ్యగారు ఉన్నారా? మేం బాగానే ఉన్నాం. ఆయన కూడా... మావారు కూడా బాగానే ఉన్నారు. కారుకే... నేను వెనక్కి నడుపుతుంటే ఒక గీత పడింది."

చాలా మెల్లగా అడిగింది, "ఎక్కడ?"

"తలుపుకి."

"ఎడమవైపు వెనక తలుపా? కిందా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"అత్తయ్యా... మీరా?"

"నెమ్మదిగా మాట్లాడు తల్లీ, పక్క గదిలో పడుకున్నారు." గొంతు బాగా తగ్గించి చెప్పింది. పదకొండేళ్ళ కిందటి మాటట. మామయ్య పని మీద వారం ఊరెళ్ళారు. ఈవిడ కారు తీసి వెనక్కి నడుపుతూ గేటు స్తంభానికి రాసేసింది. ఊళ్ళో ఉన్న షెడ్లన్నీ తిరిగి, అందరికంటే మంచి పనివాణ్ణి పట్టుకుని, ఆయన వచ్చే ముందు రోజుకి బాగు చేయించేసింది. "చెబుదామనే అనుకున్నాను. ఆయన వచ్చీ రాగానే పక్కింటాయన్ని పిలిచి ఒక్క గీత లేదు చూడండి అన్నారు. ఇంకేం చెబుతాను? ఆ మాట విన్నప్పుడల్లా పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి పోతున్నాను."

"అయ్యో అత్తయ్యా."

"నువ్వు చెప్పకు. నువ్వు చెబితే ఆయన వంగి చూస్తారు. ఆయన వంగి చూశారంటే నా గుట్టు కూడా బయటికొస్తుంది."

ఎండలో నిలబడి ఆలోచించాను. ఆవిడంటే నాకిష్టం. నా చేతిలోంచి చీపురు లాక్కునేటప్పుడు కూడా నవ్వుతూ లాక్కునే మనిషి.

"మీ సంగతి నా నోట్లోంచి రాదు అత్తయ్యా. ఒట్టు. కానీ నా సంగతి నేను చెప్పుకోవాలి. మాటిచ్చింది నేను కదా."

నిట్టూర్పు వినబడింది. "మొండిఘటానివే. నాలుగింటికి లేస్తారు. ఫోను చెయ్యమంటాను."

మావారికి మొత్తం చెప్పాను. పుట్టీ బాబాయ్ కాస్తా పుట్టీ పిన్ని అయ్యేసరికి ఆయన ఉత్సాహం చల్లారిపోయింది. పిన్నిని ఏడిపించే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదట.

నాలుగింటిదాకా ఏం చెయ్యాలో తోచక నది దాటే పడవ ఎక్కాం. అటు వెళ్ళాం, దిగకుండా ఇటు వచ్చాం, మళ్ళీ అటు వెళ్ళాం. పడవలో ఒక ముసలావిడ పెద్ద గడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని టిక్కుటిక్కు మాకు వినబడుతూనే ఉంది. మావారు నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. భయంగా ఉంది, హాయిగా ఉంది. రెండూ ఒకేసారి ఒకే మనిషిలో పడతాయని నాకు అప్పుడే తెలిసింది.

మూడోసారి ఒడ్డుకి చేరుతుండగా ఫోను మోగింది.

"చెప్పమ్మాయ్."

ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. కారు నేను నడిపాను, ఇరవై అడుగులే, కానీ నడిపాను, మాట తప్పాను, గీత పడింది, సొట్ట కూడా. మావారి తప్పేమీ లేదు, ఆయన రా రా అన్నారంతే.

"ఎక్కడ పడింది?"

"ఎడమవైపు వెనక తలుపు. కింద."

"ఉండు. పెట్టెయ్యకు."

చెప్పుల చప్పుడు. తర్వాత మెట్లు ఎక్కుతున్న ఆయాసం. తలుపు గొళ్ళెం తీసిన చప్పుడు, దాని వెంట గాలి. మేడ మీదికి వెళ్ళారన్నమాట.

"పుట్టీ బయటపడిందా?" అన్నారు.

నేను పడవ కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. ఏమన్నా అత్తయ్యకి పెట్టిన ఒట్టు తప్పుతుంది. ఏమీ అనలేదు.

"నువ్వేమీ అనక్కర్లేదులే. ఆ వేళ నేను ఊరి నుంచి వచ్చి కారు తలుపు తీశాను, గుప్పుమని థిన్నరు వాసన. పదిహేను రోజులు పోలేదు. నాకు ముక్కే లేదనుకుంది మీ అత్తయ్య."

"మరి అడగలేదేం మామయ్యా?"

"తనే చెబుతుందిలే అనుకున్నా. వారం చూశా. నెల చూశా. ఆ తర్వాత అడిగితే, తెలిసీ ఇన్నాళ్ళెందుకు ఊరుకున్నారని నిలదీస్తుంది. అలా అలా పదకొండేళ్ళు." ఆయనే మళ్ళీ అందుకున్నారు. "వచ్చిన ప్రతివాడికీ ఒక్క గీత లేదని ఎందుకు చెబుతున్నాననుకున్నావ్? ఏదో ఒక రోజు 'ఎందుకు లేదూ' అంటుందని. అనదు. వంటింట్లోకి పోతుంది."

మా పడవ ఒడ్డుకి తగిలి చిన్నగా ఊగింది. అందరూ దిగుతున్నారు. మేం దిగలేదు.

"గీతదేముందమ్మా. అంతకు ముందు కారు నాకంటే తనే బాగా నడిపేది. ఆ రోజు నుంచి మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. ఎన్నిసార్లు తాళాలిచ్చినా ఏదో ఒక వంక. అడిగేసి ఉంటే రెండు రోజులు పోట్లాడుకుని ఊరుకునేవాళ్ళం."

ఆయన గొంతు సవరించుకున్నారు.

"నువ్వు ఒక్క రోజులో చెప్పావు. నీ దగ్గర తీసుకున్న మాట నీకు వెనక్కి ఇచ్చేస్తున్నా. రేపు నువ్వే నడుపుకుంటూ రా. ఆ అద్దాలోణ్ణి పక్కన కూర్చోబెట్టు. వాడు రా రా అంటే మాత్రం రాకు."

"సరే మామయ్యా."

"పని చేస్తున్నావిడ ఏమంది? అప్పటి పని ఎలా ఉందంది?"

"చేసినవాడు పనివాడే అంది. అరగదీస్తే గానీ కనుక్కోలేకపోయానంది."

"మరి! మీ అత్తయ్య వెతికి పట్టుకుంటే అలాగే ఉంటుంది." ఆ గొంతులో పొంగిన గర్వం కారు గురించి చెప్పేటప్పుడు కూడా నేనెప్పుడూ వినలేదు. "నాకు తెలుసని మాత్రం తనతో అనకు" అని పెట్టేశారు.

ఇద్దరివీ రెండు గుట్లు, రెండూ నా ఒళ్ళోనే. మావారి భుజం మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను, నవ్వాను. ఏది ఏడుపో ఏది నవ్వో ఆయనకి తెలియక రెండింటికీ కలిపి వీపు నిమిరారు.

షెడ్డుకి వెళ్ళేసరికి ఎండ వంతెన కిందికి పక్కవాటుగా దూరుతోంది. పెయింటరమ్మ రేకు ముక్కని తలుపుకి ఆనించి మమ్మల్ని పిలిచింది.

"ఇప్పుడు చూడండి. రెండూ కలిసి దిగుతున్నాయా లేదా?"

చూశాం. తలుపు నీలం సాయంత్రంలోకి మెల్లగా మసకబారుతోంది, రేకు మీది నీలం దాని పక్కనే, అంతే మెల్లగా. పొద్దున నేను సరిపోయిందన్న రంగు ఇంకో రేకు మీద ఉంది. అది మాత్రం ఒంటరిగా పచ్చగా మిగిలిపోయింది.

"సరిపోయిందండీ" అన్నాను, ఈసారి కాస్త ఆగి.

"ఇప్పుడు నీకు కూడా కళ్ళొచ్చాయి" అని ముక్కుకి గుడ్డ కట్టుకుని స్ప్రే గన్ అందుకుంది. సన్నటి పొగలా రంగు తలుపు మీద వాలుతుంటే మమ్మల్ని దూరంగా తరిమింది. రాత్రంతా ఆరాలి, పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళమంది.

చౌకులో ఫౌంటెన్ చుట్టూ జనం చేరుతున్నారు. నలుగురు వాయిద్యాలు సరిచేసుకుంటున్నారు. దుకాణం కట్టేసిన బొత్తాలాయన భార్యతో నాట్యానికి సిద్ధంగా నిలబడి, మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. అప్పుడు మళ్ళీ ఫోను. చిన్నత్తయ్య.

"చెప్పేశావా? ఏమన్నారు?"

"కోప్పడలేదు అత్తయ్యా. రేపు నన్నే నడుపుకుంటూ రమ్మన్నారు."

"నిన్నా!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నా సంగతి ఏమన్నా వచ్చిందా?"

ఇటు అత్తయ్యకి పెట్టిన ఒట్టు, అటు మామయ్య అనొద్దన్న మాట. వాయిద్యాల వాళ్ళు కూడా సరిగ్గా అప్పుడే ఆగారు.

"అది... మీరే మామయ్యని అడగండి అత్తయ్యా."

అటు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"అవునూ, ఆయన నీతో మాట్లాడ్డానికి మేడెందుకు ఎక్కారు? మోకాళ్ళ నొప్పులని ఆరు నెలలుగా మొదటి మెట్టు కూడా ఎక్కని మనిషి."

నేను మాట్లాడలేదు.

"తెలుసన్నమాట."

"నేనేమీ అనలేదు అత్తయ్యా."

"అనలేదులే. నువ్వేమీ అనలేదు." చీర కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టుంది, మాట అటూ ఇటూ అయింది. "ఎప్పటినుంచి... సరేలే. అది ఆయన్నే అడుగుతాను. రేపు ఎన్నింటికి వస్తారు?"

"అయిదవుతుందేమో."

"అయితే ఇంటికి తిన్నగా రాకు. మన వీధి మలుపులో మందుల కొట్టు ఉంది చూడు, అక్కడ ఆపు. నేను నడిచి వస్తాను. అక్కణ్ణించి నేను నడుపుతాను."

"గేట్లోకి కూడానా?"

"గేట్లోకి కూడా." అంతలోనే సిగ్గుపడుతున్న చిన్నపిల్లలా అడిగింది. "క్లచ్చు ఇంకా అలాగే ఉందా? బాగా పైకొచ్చాక గానీ పట్టుకోదూ?"

"బాగా పైకొచ్చాకే అత్తయ్యా. ఆ ఇరవై అడుగులకే బయలుదేరేటప్పుడు రెండుసార్లు ఆగిపోయింది నాకు."

"ఆగుతుంది. కాలు తొందరపడకూడదు దాంతో" అంది. ఆ తర్వాత పావుగంట సేపు చిన్నత్తయ్య నాకు ఆ కారు ఎలా నడపాలో చెప్పింది. ఏ గేరు ఎప్పుడు మొరాయిస్తుందో, ఎత్తు ఎక్కేటప్పుడు ఏం చెయ్యాలో, అన్నీ. ఒక చెవి చేత్తో మూసుకుని, చౌకు మధ్యలో నిలబడి, శ్రద్ధగా విన్నాను.

ఫోను పెట్టేశాక మావారు నా చెయ్యి పట్టుకుని జనంలోకి లాగుతూ అడిగారు.

"పిన్ని ఏమంటోంది?"

"రేపు మందుల కొట్టు దగ్గర్నుంచి నువ్వు వెనక సీటు."